నేను లేపలేకపోయిన విమానం

మార్కాపురంలో ఎవరి కంప్యూటరు విప్పినా ముందు రాలేది పలకల పొడి. ఊళ్ళో పలకలు కోసే యంత్రాలు తిరిగినన్నాళ్ళూ ఆ బూడిదరంగు పొడి గాల్లో తేలుతూ వచ్చి ఫ్యానులో చేరుతుంది. ఫ్యాను ఆగుతుంది, కంప్యూటరు వేడెక్కి ఆరిపోతుంది, దాని యజమాని నా దుకాణానికి పరిగెత్తుకొస్తాడు. నేను బ్రష్షుతో దులిపి, నోటితో ఊది, చాలా పెద్ద పని చేసినట్టు ముఖం పెట్టేవాణ్ణి. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్ల దాకా వచ్చిన నా రిపేరు బతుకులో సగం పేరుప్రతిష్ఠలు ఆ పొడి పెట్టిన భిక్షే. ఇప్పుడు చూపు మందగించి దుకాణం మూసేశాను కాబట్టి ఈ రహస్యం బయటపెట్టినా నాకు నష్టం లేదు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీలాంటివాళ్ళు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మీరు బాగుచేసిన వాటిల్లో అన్నిటికంటే కష్టమైనదేది?" అని అడుగుతుంటారు. బాగుచేసినవేవీ నాకు గుర్తు లేవు. తప్పు ఎక్కడుందో తెలిసి కూడా బాగుచేయకుండా వదిలేసింది మాత్రం ఒకటుంది. అదొక విమానం. దానివల్ల మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా నా పేరు చెప్పుకుని నవ్వారు. అప్పుడు నోరు విప్పకూడదు కాబట్టి విప్పలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే, ఎవరికి తెలియకూడదో ఆ పెద్దమనిషి పేపర్లో బంగారం రేటు తప్ప మరేమీ చదవడని నమ్మకంగా తెలిసింది కాబట్టే.

ముందు నా పక్కబల్ల మనిషి గురించి చెప్పాలి. దుకాణం అద్దె చెరిసగం పెట్టుకుని నాతోపాటు మోటార్ల వైండింగు చేసే పెద్దాయన ఉండేవాడు. నేను మామా అని పిలిచేవాణ్ణి. రాగితీగ, ఇనుము తప్ప లోకంలో మరేదీ ఆయన లెక్కలో నిజం కాదు. నేను స్క్రూడ్రైవరు ముట్టుకోకుండా కీబోర్డు ముందు కూర్చుంటే ఆయనకు ఒళ్ళు మండేది. "చేతికి మసి అంటకుండా చేసేదాన్ని రిపేరంటారంట్రా? కచేరీలో గుమాస్తా పని అంటారు దాన్ని" అనేవాడు. పన్నెండు గంటలకు ఇద్దరం ఒకే క్యారియరు విప్పుకుని తినేవాళ్ళం. తింటున్నంతసేపూ ఈ మాటే వినేవాణ్ణి.

ఇక విమానం సంగతి. మా దుకాణానికి నాలుగు అంగళ్ళ అవతల ఒకాయన కిరాణా హోల్‌సేలు వ్యాపారం చేసేవాడు. నేను అన్నా అనేవాణ్ణి. కందిపప్పు, శనగలు, బెల్లం, బస్తాలకు బస్తాలు. అంత వ్యాపారస్తుడూ ఆకాశంలో విమానం చప్పుడు వినిపిస్తే కాటా మీద సరుకు వదిలేసి రోడ్డు మీదికొచ్చి తలెత్తి నిలబడేవాడు. అప్పటికి ఒక్కసారి కూడా విమానం ఎక్కి ఎరగడు. చిన్న వయసులోనే నాయన కొట్లో కూర్చోబెట్టకపోయుంటే పైలట్ అయ్యేవాణ్ణని ఆయన నమ్మకం. నాయన కూర్చోబెట్టింది పదో తరగతి తప్పిన తర్వాతేనన్న సంగతి మేమెవరం గుర్తు చేసేవాళ్ళం కాదు.

ఆయన దుకాణం మీది బస్తాల గదిలో పెద్ద టీవీ, కంప్యూటరు, స్టీరింగు, కాళ్ళకింద పెడళ్ళు పెట్టించుకుని, ఇంట్లో కూర్చుని విమానం నడిపే సిమ్యులేటరు తయారు చేసుకున్నాడు. మధ్యాహ్నం భోజనం కాగానే షట్టరు సగం దించి పైకి పోయేవాడు. ఎవరైనా అడిగితే "సర్వీసుకు పోయినాడు" అని కింద గుమాస్తా చెప్పేవాడు. నేనొకసారి పొరపాటున ఆట అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. "ఆటేంది అబ్బయా? దీంట్లో గాలి నిజం, బరువు నిజం, పెట్రోలు నిజం. చావొక్కటే ఉత్తుత్తిది" అన్నాడు.

అది నిజమే. ఆ సిమ్యులేటరులో ప్రతి విమానానికీ ఒక కాన్ఫిగరేషన్ ఫైలు ఉంటుంది. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఖాళీ విమానం బరువెంత, చక్రాలు ఎంత కిందికి ఉంటాయి, ఇంజను బలమెంత, ఏ సీట్లో ఎంత బరువుంది, వెనక సామాన్ల అరలో ఎంత వేశారు, అన్నీ అందులో అంకెలే. అంకె మారిస్తే విమానం గుణం మారుతుంది. విమానానికి పుట్టుకతో వచ్చిన గుణం అన్నకెప్పుడూ నచ్చేది కాదు. ఒకరోజు చక్రాలు పొట్టిగా ఉన్నాయి, ఎత్తు పెంచమన్నాడు. నేను ఎత్తు పెంచుతూ అంకె ముందున్న మైనస్ గుర్తు ఎగరగొట్టాను. విమానం రన్‌వేలో కిటికీల దాకా దిగబడి, బురదలో పడుకున్న బర్రె మాదిరి ముక్కు మాత్రం పైకి పెట్టింది. ఆ సంగతి విన్న మామ చాలా రోజులు నన్ను చూడగానే ముక్కు పైకెత్తి చూపించేవాడు. అప్పటినుంచి ఏ ఫైలు ముట్టుకున్నా ముందు ఒక నకలు తీసి పక్కన పెట్టేవాణ్ణి. మీరూ పెట్టండి. ఇక్కడ నేను రాసే వాటిల్లో మీ పనికి పనికొచ్చేది ఇదొక్కటే.

అన్న భార్యను మేము వదినా అనేవాళ్ళం. ఆమె మనసు ఈ గోలలో ఉండేది కాదు, గౌహతిలో ఉండేది. ఆమెకు తోడబుట్టింది ఒక్క అక్క. రైల్వే ఉద్యోగిని పెళ్ళి చేసుకుని అంత దూరం పోయి అక్కడే ఉండిపోయింది. ఆ అక్కకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దముద్దగా అయింది. ఫోనులో వదిన ఒక్కతే కనిపిస్తే కూడబలుక్కుని రెండు మాటలు చెప్పేది. వెనక ఇంకో ముఖం కనిపిస్తే చాలు, వంకరపోయిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఫోను తిప్పేసేది. ఎట్లాగైనా పోయి అక్క దగ్గర కొన్నాళ్ళుండాలని వదిన కోరిక. రైల్లో అన్నేసి గంటలు కూర్చోవడానికి ఆమె మోకాళ్ళు ఒప్పుకోవు. ఇక మిగిలింది విమానం. విమానమంటే ఆమెకు వణుకు.

ఆ వణుకు ఊరికే వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తలో దోర్నాల నుంచి శ్రీశైలం పోతుంటే, ఘాట్‌లో మలుపు దగ్గర వాళ్ళ జీపు బరువుకు ఎక్కలేక వెనక్కి జారిందట. అందరూ కిందికి దూకి, కొత్త పెళ్ళికూతురుతో సహా జీపును నెట్టారట. ఒకరోజు నేను పైన వైర్లు సర్దుతుంటే ఆమె కాఫీ తెచ్చిచ్చి అన్నతో అన్నది.

"జీపంటే దిగి నెట్టినాము. మబ్బుల్లో దిగి నెట్టేదెవరు? మనమెక్కితే అది లేస్తదని నా కళ్ళకు చూపీ. చూసినాక టికెట్లు తీయి."

అన్నకు అంతకన్నా ఏం కావాలి? భార్య మొదటిసారి ఆయన విమానాన్ని ఒక పనికి పిలిచింది. నా వైపు తిరిగి, "విన్నావు కదబ్బయా, మా ఇద్దర్నీ ఎక్కించు" అన్నాడు.

ఇద్దరైతే ఈ కథే లేదు. గౌహతి మాట ఇల్లు దాటగానే బంధువులకు అక్కడి కామాఖ్య అమ్మవారు గుర్తొచ్చింది. అన్న అక్కగారి మొగుడు, ఆ ఇంటికి పెద్దల్లుడు, మార్కాపురంలోనే ఉంటాడు. అందరికీ బావగారు. పిలవకముందే వచ్చేసే మనిషి. ఆయన వచ్చి కుర్చీ లాక్కుని, తనూ తన భార్యా వస్తున్నామని చెప్పాడు. గిద్దలూరు నుంచి అన్న తమ్ముడూ మరదలూ బయల్దేరారు. యర్రగొండపాలెం నుంచి వదిన చిన్నాన్న కొడుకూ కోడలూ. ఆపైన అమ్మవారికి మొక్కుందని పక్కింటామె. మొత్తం తొమ్మిదిమంది.

"హోటలు ఖర్చెందుకు? నీ అక్క ఇల్లుంది కదమ్మా. పేషంటును చూసినట్టుంటది, అమ్మవారిని చూసినట్టుంటది" అన్నాడు బావగారు.

"రెండే గదులన్నయ్యా. మా అక్కకు మనుషులంటే ఇబ్బంది పడతది..." అని వదిన నసిగింది.

"మనం మనుషులమా తల్లీ? బంధువులం!"

ఆ ఇంట్లో పెద్దల్లుడికి కాదని చెప్పే ఆచారం లేదు. వదిన కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయని నాకు కనిపించింది. విమానం గురించి అనుకున్నాను. నేను వైర్ల మనిషిని, అంతకుమించి తోచలేదు.

అన్న కంప్యూటరు పెద్ద విమానాన్ని మోయలేదు, నత్తనడక నడుస్తుంది. అందుకని ఆయన రోజూ నడిపే పది సీట్ల చిన్న విమానంలోనే అందరినీ ఎక్కించి చూడాలని తీర్మానమైంది. మీరెక్కబోయేది దీనికి ఎన్నో రెట్లు పెద్దదని, దీనికీ దానికీ పోలిక లేదని చెప్పబోయాను. బావగారు చెయ్యెత్తి నన్ను ఆపాడు. "చిన్నదాంట్లో లేస్తే పెద్దదాంట్లో లేయదా? ఒకటే మాట. ఇది అందరితో లేచిందా, అందరం పోతాం. లేయలేదా, ఎంతమందితో లేస్తే అంతమందే పోతారు. నేనే చెప్తున్నా." విమానం లేవదని ఆయన కలలో కూడా అనుకోలేదు. పెద్దమనిషి తీర్పు చెప్పాలన్న సరదా ఆయనది.

బరువులు చూడ్డానికి అందరినీ కింద దుకాణంలో బస్తాలు తూచే కాటా ఎక్కించాం. ముందు బావగారు ఎక్కాడు. మా వైపు వ్యాపారస్తులు కొలత మొదలుపెడితే ఒకటి అనరు, లాభం అంటారు. అన్న అలవాటు కొద్దీ "లాభం!" అని గట్టిగా అరిచి, "తొంభై నాలుగు... నూరు రాసుకో" అన్నాడు.

"తొంభై నాలుగే కదన్నా?"

"కొసరు వేయకుండా నా కాటా మీంచి ఏదీ దిగదబ్బయా."

"నేనేమన్నా బెల్లం దిమ్మనా?" అని బావగారు కస్సుమన్నాడు. అన్న వినిపించుకోలేదు. తమ్ముడికీ కొసరు వేశాడు, బామ్మర్దికీ వేశాడు. ఆడవాళ్ళు దిష్టి తగులుతుందని అందరిముందూ ఎక్కనన్నారు. మగవాళ్ళందరినీ షట్టరు బయటికి పంపి వదినే తూచి, ఒక్కొక్క అంకే బయట నిలబడ్డ నాకు చెవిలో చెప్పింది. మగవాళ్ళను తూచేటప్పుడూ ఆడవాళ్ళను తూచేటప్పుడూ ఆమె ఒక మాట మాత్రం పట్టుబట్టి చెప్పింది. "ఎవరి సంచి వాళ్ళు చేత పట్టుకోనే ఎక్కండి. విమానంలో సంచి కింద పెట్టి పోతామా?" అందరూ బట్టల సంచులతో ఎక్కి దిగారు. అంతా అయ్యాక ఆ సంచులన్నీ కుప్ప వేసి, వాటి మీద అక్కకు తీసుకుపోయే ఊరగాయ జాడీలూ కందిపొడి డబ్బాలూ పెట్టి, మళ్ళీ తూచి, "ఇది వెనక సామాన్ల అరకు" అని ఇంకో అంకె చెప్పింది. నేను బుద్ధిగా రాసుకున్నాను.

ఫైలులో బరువు కిలోల్లో ఉండదు, పౌండ్లలో ఉంటుంది. మార్చి ఎక్కించేటప్పుడు విడి అంకెలు ఎందుకులే అని ప్రతిదాన్నీ పైనున్న సున్నతో ముగిసే అంకెకు పెంచాను. కొసరు అలవాటు అంటువ్యాధి లాంటిది. సీట్ల దగ్గర మళ్ళీ గొడవ. బావగారికి పైలట్ వెనక సీటే కావాలి. గిద్దలూరు మరదలికి కిటికీ కావాలి. ఆ విమానంలో అన్ని సీట్లూ కిటికీ సీట్లేనని ఆమెకు నమ్మకం కలిగించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

దుకాణానికి సెలవు రోజు చూసి అందరూ బస్తాల గదిలో చేరారు. వదిన ప్లాస్టిక్ కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని కూర్చుంది. మిగిలినవాళ్ళు శనగల బస్తాల మీద. మామ కూడా వచ్చాడు, పిలవలేదు, తమాషా చూడ్డానికి. కడప విమానాశ్రయం నుంచి లేచి, గిద్దలూరు మీదుగా నల్లమల కొండ దాటాలని వదిన షరతు. అన్న కొత్త చొక్కా వేసుకుని, స్టీరింగుకు దండం పెట్టి, కూర్చున్నాడు. "అందరూ గట్టిగా పట్టుకోండి" అన్నాడు. పక్కింటామె నిజంగానే బస్తా చెవులు పట్టుకుంది.

ఇంజన్లు మోగాయి. విమానం కదిలింది. రన్‌వే మీద పోతోంది, పోతోంది, పోతూనే ఉంది. అన్న స్టీరింగు పొట్టదాకా లాగాడు. ముక్కు లేవనా వద్దా అన్నట్టు ఒకసారి ఊగింది. రన్‌వే అయిపోయింది, గడ్డి వచ్చింది, కంచె వచ్చింది, టీవీ మీద ఎర్రక్షరాలు వచ్చాయి.

"మనమందరం పోయినామా?" అని పక్కింటామె అడిగింది.

"నడిపేది రాక" అన్నాడు బావగారు.

అన్న ముఖం ఎర్రబడింది. మళ్ళీ నడిపాడు. మళ్ళీ కంచె. మూడోసారి నా చెవి దగ్గరికి వంగి, "ఇంజను బలం పెంచు, ఎవరికీ తెలీదు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ పరువు సమస్యగా ఉంది. ఫైలు తెరిచి ఇంజను అంకె మూడింతలు చేశాను. ఈసారి విమానం కదలడం కాదు, తారాజువ్వలా ఎగిరి, నిటారుగా నిలబడి, వీపు మీదికి తిరిగి పడింది. మామ నవ్వాపుకోలేక కిటికీ దగ్గరికి పోయాడు. వదిన మాత్రం నవ్వలేదు, నా వైపు తిరిగింది.

"ఏందో మార్చినావు. మనం ఎక్కే విమానానికి కూడా మధ్యలో ఇట్ల మారుస్తారా?"

"మార్చరొదినా."

"మరి నువ్వెందుకు మార్చినావు? తీసెయ్. ఉన్నదున్నట్టు చూపీ."

తీసేశాను. అంతలో వదిన చాలా మెల్లగా, ఎవరినీ చూడకుండా అన్నది. "అన్నయ్య చెప్పినాడు కదా, ఎంతమందితో లేస్తే అంతమందే అని. ఒక్కొక్కరినే దించి చూడండి."

అప్పుడు మొదలైంది అసలు కష్టం. ఎవరిని దించాలి? మొక్కుల ఆమె పరాయిది కాబట్టి ముందు ఆమెను దించారు. నేను ఆమె సీటు బరువు సున్నా చేసి, ఫైలు సేవ్ చేసి, విమానాన్ని మళ్ళీ రన్‌వే మీద పెట్టాను. లేవలేదు. సున్నా అయినామె బస్తా మీంచి లేచి, "పాలు పొయ్యి మీద పెట్టొచ్చినా" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. తర్వాత యర్రగొండపాలెం జంట. లేవలేదు. "మమ్మల్ని దించినా లేయలేదు కదా, మళ్ళీ ఎక్కించుకోండి" అని వాళ్ళు వాదించారు. న్యాయంగానే ఉంది గానీ ఎవరూ ఒప్పుకోలేదు. గిద్దలూరు తమ్ముణ్ణి దించుతుంటే అతను, "నన్ను తీసేసి మా ఆయమ్మను ఉంచండి, ఆమె తేలిక" అన్నాడు. అతని భార్య సంతోషించకపోగా, "అంటే నన్నొక్కదాన్నే పంపి ఇంట్లో హాయిగా ఉందామనా?" అని నిలదీసింది. ఇద్దర్నీ కలిపి దించాల్సి వచ్చింది.

మిగిలింది అన్నా వదినా, బావగారూ ఆయన భార్యా. ఈసారి విమానం లేచింది. గదంతా ఊపిరి పీల్చుకుంది. లేచి, చెట్ల కొనలు రాసుకుంటూ కొంత దూరం పోయి, ఇక పైకి రానని మొరాయించి, ఒక చెలకలో దిగిపోయింది.

"లేచింది! చూసినారు కదా, లేచింది!" అని బావగారు చప్పట్లు కొట్టాడు.

"కొండ దాటలేదన్నయ్యా" అన్నది వదిన.

"నా మాట మీద నేనే..." అని బావగారు ఏదో అనబోయాడు. బస్తాల మీద సున్నాలైపోయి కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారిగా ఆయన వైపు చూశారు. ఎంతమందితో లేస్తే అంతమందేనని తీర్పు చెప్పింది ఆయనే. తాము దిగి ఆయన్ను పోనిచ్చేంత మంచితనం ఆ గదిలో ఎవరికీ లేదు. బావగారు కండువా దులుపుకుని, "దించయ్యా, దించు. తొంభై నాలుగును నూరు చేస్తే ఏ విమానం మాత్రం మోస్తది?" అన్నాడు. ఆ కొసరు ఆయన గుండెలో అప్పటిదాకా ముల్లులా ఉందని తెలిసింది.

ఆ ఇద్దరూ దిగిన తర్వాత విమానం సుఖంగా లేచింది. గిద్దలూరు మీద వంగి తిరిగింది. నల్లమల కింద పచ్చగా పరుచుకుంది. వదిన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, కొండ అంచు దాటేదాకా రెప్ప వేయకుండా చూసింది. దాటాక, "చాలు, ఇద్దరికీ తీయి టికెట్లు" అన్నది.

మర్నాడు పొద్దున నా దుకాణంలో ఆ ఫైలు తెరిచి కూర్చున్నాను. నాకు అనుమానం పోలేదు. ఆ విమానం తొమ్మిదిమందిని లేపగలగాలి. ఎంత కొసరు వేసినా మరీ ఇద్దరి దగ్గరికి దిగజారకూడదు. అంకెలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే సామాన్ల అర దగ్గర ఆగాను. మనుషుల్ని సంచులతో తూచాం. ఆ సంచుల్నే మళ్ళీ విడిగా తూచి వెనక వేశాం. పైగా మనుషుల్ని దించినప్పుడు వాళ్ళ సంచుల్ని దించలేదు. ఇంటికి వెళ్ళి అలిగి పడుకున్న ఏడుగురి సామానూ ఆఖరిదాకా విమానం తోకలోనే ఉంది. ఆ బరువుతో అది ఎట్లా లేస్తుంది, లేచినా కొండ ఎట్లా దాటుతుంది?

దిద్ది చూశాను. అదే విమానం తొమ్మిదిమందితో, జాడీలతో సహా, కొండ దాటింది. నాకు పట్టరాని సంతోషమైంది. నా పరువు దక్కింది. అన్న ఇంటికి దాదాపు పరిగెత్తాను. అన్న ఒంగోలు పోయున్నాడు. వదిన వాకిట్లో కందులు చెరుగుతోంది.

"వదినా, తప్పు దొరికింది! సామాను రెండుసార్లు తూచినాం. అందరూ పోవచ్చు!"

ఆమె చేట ఆపి, వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"రెండుసార్లు తూగిందని నాకు తెలీదా? సంచి పట్టుకొమ్మని చెప్పింది నేనే కదబ్బయా."

నేను ఆ కందుల పక్కనే కూర్చుండిపోయాను.

"నాకు భయం లేక కాదు. భయం ఉండాదిలే. చచ్చిపోతానేమోనని ఇప్పటికీ ఉండాది. కానీ ఈ తొమ్మిదిమందీ పోయి ఆ రెండు గదుల్లో దిగితే మా అక్క ముఖం గోడ వైపు తిప్పుకుంటది. మేము తిరిగొచ్చేదాకా తిప్పుకోనే ఉంటది. అంత దూరం పోయి గోడ వైపు తిరిగిన మనిషిని చూసొచ్చేదా? నోరు తెరిచి రావొద్దని ఎవరికని చెప్పేది? ఆ మిషినన్నా చెప్తదేమోనని చూసినా." ఆమె మళ్ళీ చేట తీసుకుంది. "దిద్దినావా దాన్ని?"

"దిద్దినానొదినా."

"మళ్ళీ చెడగొట్టు నాయనా. నీకు పుణ్యముంటది."

చెడగొట్టాను. జీవితమంతా తప్పులు వెతికి తీసినవాణ్ణి, వెతికి తీసిన తప్పును చేతులారా తీసుకెళ్ళి దాని చోట్లో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు, అన్నకు కూడా. ఆ తర్వాత నా బతుకు చూడాలి. ఊళ్ళో బావగారు టీ తాగే చోటల్లా నా మాటే. "ఏడుగురిని దించితే గానీ లేపలేకపోయినాడు. వాడి చేతికి మీ కంప్యూటర్లు ఇస్తుండారు, చూసుకోండి." గిద్దలూరు నుంచి ఒకాయన లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది లేస్తదా?" అని అడిగాడు. మామైతే క్యారియరు విప్పినప్పుడల్లా, "ముందు సామాను దించు, అన్నం తర్వాత" అనేవాడు. ఆ మాట అసలు తప్పుకు ఎంత దగ్గరగా ఉందో ఆయనకు తెలియదు. నాకు అన్నం దిగేది కాదు.

వాళ్ళిద్దరూ పోయారు. పోయేముందు వదిన నా దుకాణం మెట్లెక్కి, లోపల మామ ఉన్నాడని చూసి, ఏమీ అనకుండా ఒక కందిపొడి డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. అన్న వారానికి తిరిగొచ్చాడు, వదిన అక్కడే ఉండిపోయింది. నిజం విమానంలో తనకు కిటికీ పక్కన సీటు దొరకలేదని, పైలట్ గదిలోకి చూడనివ్వలేదని, దానికంటే మన బస్తాల గదే నయమని అన్న చెప్పాడు. వదిన ఎట్లా కూర్చుందని అడిగితే, లేచేటప్పుడు తన చెయ్యి పట్టుకుందని, దిగేదాకా వదల్లేదని చెప్పి, ఆ చెయ్యి ఒకసారి చూసుకున్నాడు.

ఈలోపు బావగారు ఊరుకోలేదు. మా దుకాణానికొచ్చి నిలబడి, "ఏమయ్యా, ఫైలు ఏమన్నా సర్దినావా? సర్దితే చెప్పు. చెల్లెమ్మ ఎట్లాగూ అక్కడే ఉండాది, మేమూ బయల్దేరతాం" అన్నాడు. చూస్తున్నానని చెప్పాను. రెండోసారీ వచ్చాడు. ఆ రెండోసారి ఆయన గడప దిగీ దిగకముందే అన్న ఫోను పట్టుకుని వచ్చాడు. గౌహతి నుంచి వదిన, వీడియోలో. బావగారు ఫైలు కోసం తిరుగుతున్నాడని అన్న అప్పటికే ఆమెకు చెప్పున్నాడు. వెనక మంచం మీద దిళ్ళకు ఆనుకుని వాళ్ళక్క. తల నున్నగా దువ్వి జడ వేసుంది. నేను పక్కకు తప్పుకోబోయాను, పరాయి ముఖం చూస్తే ఇబ్బంది పడుతుందని.

"ఉండబ్బయా, పోవాకు. మా అక్క నీతోనే మాట్లాడాలంట" అన్నది వదిన.

ఫోను దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె ముఖం తిప్పుకోలేదు. నన్ను నేరుగా చూసింది. పెదవులు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. అన్న, మామ, నేను ఫోను మీదికి వంగాం.

"మీ... బావకు..." అని ఆగింది. మళ్ళీ ఊపిరి తీసుకుంది. "ఇంకా... రిపేరు... కాలేదని... చెప్పు... నాయనా."

అన్న ఏమీ అర్థంకాక నా వైపు చూశాడు. మామ చేతిలో రాగితీగ చుట్ట కింద పెట్టి, మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూశాడు. నేను వీధిలోకి పోయి, టీకొట్టు దాకా వెళ్ళిన బావగారిని వెనక్కి పిలిచి, "ఎంత చూసినా నావల్ల కావడం లేదు బావా" అని అందరూ వినేటట్టు చెప్పాను.